అడగడం రాని ఇల్లు

మా ముత్తాత బోధన్ వైపు పదకొండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత ఊరి శిస్తు చూసే మాలీ పటేల్. పొద్దున ఆయన అరుగు మీద చెప్పిన మాట మాపటికల్లా డప్పుతో ఊరంతా తిరిగేది. మా నాయన నాటికి అధికారం పోయింది గానీ గొంతు పోలేదు. చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు రైతుల మీటింగులో మైకు మొరాయిస్తే జనం ఆయన వైపే తిరిగేవారు. ఆయన మాట చెరుకు తూచే కాంటా దాకా, కాంటా ముందు బారు కట్టిన ఎడ్లబండ్ల దాకా వినపడేది. మూడు తరాలుగా మా ఇంట్లో మగవాళ్లు చెప్పేవాళ్లు, తక్కినవాళ్లు వినేవాళ్లు. ఒకరిని ఒకటి అడగడం మా ఇంటా వంటా లేదు. మా తాత మంచినీళ్లు కూడా అడిగి ఎరుగడని, గొంతు సవరించుకుంటే చెంబు వచ్చేదని మా మేనత్త చెప్పేది.

గొప్ప కోసం చెప్పడం లేదు. కొంత గొప్ప కోసమే అనుకోండి. కానీ నాది అనుకున్న కుర్చీ ఒక బీడీలు చుట్టే ఆవిడ కూతురికి ఎట్లా పోయిందో చెప్పాలంటే ఈ అలవాటు దగ్గరే మొదలుపెట్టాలి.

నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను పద్దెనిమిదేళ్లు ఉపన్యాసమూ జర్నలిజమూ చెప్పాను. నా చదువు తెలుగు ఎం.ఏ. చేరిన రోజు నా కాగితాలు ఎవరూ చూడలేదు. క్లాసులో ఒక గంట మాట్లాడమన్నారు. మాట్లాడాను. పక్క గదిలో కామర్స్ పాఠం ఆపి విన్నారు. మరునాటి నుంచి నేను అక్కడి వాణ్ణి.

ఆమె నా విద్యార్థినిగా వచ్చింది. బోధన్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. బీఏలో మూడు సబ్జెక్టుల్లో ఒకటిగా జర్నలిజం తీసుకుంది. రెండో ఏడు వక్తృత్వ పోటీకి ఎవరినైనా పంపాలంటే నేనే ఆమెను ఎంచాను. వాక్యంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఎక్కడ ఆగితే సభ ముందుకు వంగుతుందో, చేతులు ఎంతవరకు లేవాలో నేర్పాను. అవన్నీ మా నాయన దగ్గర నేను చూసి నేర్చుకున్నవి. ఆమె బహుమతి తెచ్చింది. ఆ రోజు నాకు పట్టలేనంత సంతోషం. పోటీలో నిలబడింది ఆమె అయినా, వినిపించింది మా ఇంటి గొంతు అనుకున్నాను.

తర్వాత ఆమె యూనివర్సిటీలో చేరి జర్నలిజంలోనే పీజీ చేసింది. లెక్చరర్ల అర్హత పరీక్ష కూడా మొదటిసారికే పాసైంది. నాలుగేళ్లకు తిరిగి మా కాలేజీకే వచ్చింది, ఈసారి బల్లకు ఇటువైపు. స్టాఫ్ రూంలో అందరి ముందూ వంగి దండం పెట్టింది.

“మీ పుణ్యమే సార్,” అంది.

నేను తల ఊపాను. 

ఆమె క్లాసు నా క్లాసుకు ఎదురు గది. నేను గుమ్మం దగ్గర నిలబడి వినేవాణ్ణి, మంచినీళ్లకు వెళ్తున్నట్టు. ఆమె ఉపన్యాసం ఇవ్వదు. అడుగుతుంది. “ఇయ్యాల బస్ స్టాండ్‌ల ఏం జూసినవ్ రా? ఎవలతోటి మాట్లాడినవ్? వాళ్ల ఇంట్ల ఎంతమంది? అడగలేదా? మరి వార్త ఎట్ల రాస్తవ్?” పిల్లలు నవ్వుతూ, ఒకరినొకరు తోసుకుంటూ జవాబులు చెప్పేవాళ్లు. నా గదిలో మాత్రం సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. ఎన్నో ఏళ్లు దాన్ని గౌరవం అనుకున్నాను. ఎదురు గదిలో నవ్వు విన్నాక అది అంత కచ్చితంగా అనిపించలేదు. నేను నేర్పిన ఊపిరితోనే ఆమె నాకు రాని పని చేస్తోంది. దొంగిలిస్తే పోలీసు స్టేషన్‌కైనా వెళ్లవచ్చు. ఇది అట్లాంటిది కూడా కాదు.

ఒక జూన్‌లో ప్రిన్సిపాల్ నన్ను గదికి పిలిచారు. మంచి మనిషి. ఇందల్వాయి వైపు రైతు కుటుంబం. కుర్చీ చూపించి, చాయ్ తెప్పించి, చాలాసేపు వానల గురించి మాట్లాడారు.

“సార్, మీరంటే మాకు గౌరవమే,” అన్నారు చివరికి. “గని తనిఖీకి వచ్చే కమిటీ గౌరవం సూడది, మార్కుల మెమో సూస్తది.”

నిబంధన కాగితం నా ముందు పెట్టారు. ఏ సబ్జెక్టు చెప్తున్నారో అదే సబ్జెక్టులో పీజీ ఉండాలి. అందులో యాభై అయిదు శాతం ఉండాలి. ఆపైన అర్హత పరీక్ష. తెలుగు ఎం.ఏ. ఉన్నవాడు తెలుగు చెప్పవచ్చు, జర్నలిజం చెప్పరాదు. ఉపన్యాసం అనే సబ్జెక్టే కాగితంలో లేదు. మూడు తరాల గొంతుకు అక్కడ గడి లేదు.

“మీరు దూరవిద్యల జర్నలిజం ఎం.ఏ. కట్టిండ్రు గద సార్? అది ఎక్కడిదాక వచ్చింది?”

“ఒక్కటి మిగిలింది,” అన్నాను.

“అది పూర్తి చేయుండ్రి. పీజీ శాతం వస్తె చాలు, పరీక్షకు ఇంకో ఏడాది టైం అడుగుత మేనేజ్‌మెంటును. లేకుంటె ఆ పోస్టు మేడంకే రాయాలె.”

ఆ మిగిలిన ఒక్కటీ ప్రాజెక్టు. దాని కథ ఇది. మా నాయన పోయిన మరుసటి ఏడు ఆ ఎం.ఏ. కట్టాను. పరీక్షలు రాశాను. ప్రాజెక్టుకు ‘ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు రైతు’ అనే విషయం తీసుకున్నాను. ఆ విషయం నాకంటే ఎవరికి తెలుసు? ఇంట్లో కూర్చుని ఎనభై పేజీలు రాశాను. మంచి తెలుగు. ఎక్కడా తప్పు లేదు. గైడు దాన్ని తిప్పి పంపాడు. అట్ట మీద ఒక్క వాక్యం: ‘ఇందులో ఒక్క మనిషి మాట కూడా లేదు.’

నిజమే, నేను ఎవరినీ అడగలేదు. అడగాలంటే ఒకప్పుడు మా బండ్లు తోలినవాళ్ల వాకిట్లోకి వెళ్లాలి. మంచం మీద వాళ్లు కూర్చుంటే, చేతిలో పుస్తకం పట్టుకుని “మీకు ఇప్పుడు ఎట్లా గడుస్తోంది?” అనాలి. మా ఇంట్లో అట్లాంటి వాక్యమే లేదు. కోపం వచ్చి ఆ ఎనభై పేజీలు అటక మీద పడేశాను. పదేళ్లు దుమ్ము పట్టాయి.

ప్రిన్సిపాల్ పిలిచిన ఆ ఏడాదే పాత బ్యాచ్‌లకు యూనివర్సిటీ చివరి అవకాశం ఇచ్చింది. కొత్త ప్రాజెక్టుకు అర్హత ఉన్న గైడు సంతకం కావాలి. మా కాలేజీలో ఆ అర్హత ఉన్నది ఒక్కరికే.

ఫారం తీసుకెళ్లి ఆమె బల్ల మీద పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

“ఏంది సార్ ఇది?”

“చూడండి.”

ఆమె చదివింది. అప్పటికి ఆమెను మీరు అనడం నాకు ఇంకా కొత్త.

“సంతకం కావాల్నా సార్?”

గొంతు సవరించుకున్నాను.

ఆమె పెదవి బిగపట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందని తెలిసింది. “అడగొచ్చు గద సార్. అడిగితె నేను కాదంటనా?” అని సంతకం పెట్టింది. తర్వాత పెన్ను మూత పెట్టకుండానే అంది, “గని సార్, అయిదుగురితోటి మాట్లాడాలె. వాళ్ల మాట వాళ్ల తీరుగనే రాయాలె. ఎవలు దొరకకపోతె ముందుగాల మా అవ్వను అడుగుండ్రి. బీడీలకు రాకముందు చెరుకు కోతలకు పోయింది.”

ఇల్లు ఎక్కడని అడగాల్సిన పని లేకపోయింది. బస్సులో వచ్చే రోజుల్లోనే ఆమె ఏ కాలనీ నుంచి వస్తుందో తెలుసు. బోధన్ బయట, రోడ్డు వంపు దగ్గర, పెట్రోల్ బంకు వెనక. ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్లు అది మా చెరుకు మడి. నేను ఆ వంపు దగ్గర పదిహేనేళ్లుగా దిగలేదు. బస్సు అటుగా పోతే మడి కనపడకుండా ఎడమవైపు కూర్చునేవాణ్ణి.

ఒక ఆదివారం పొద్దున వెళ్లాను. ఇస్త్రీ చొక్కా, కొత్త నోటు పుస్తకం. వాకిట్లో ఆమె తల్లి ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, ఎర్ర దారం. నన్ను చూసి లేవబోయింది. చాట ఒరిగింది.

“కూసోండ్రి పటేలా. బిడ్డ జెప్పింది మీరొస్తరని. కుర్సీ ఏసిన సూడుండ్రి.”

ప్లాస్టిక్ కుర్చీ. దాని మీద తువ్వాలు మడిచి పరిచి ఉంది. కూర్చుని పుస్తకం తెరిచాను. రాసుకొచ్చిన మొదటి ప్రశ్న ‘కోతల కాలంలో మీ రోజు ఎట్లా ఉండేది?’ దాన్ని చూస్తూ నోరు తెరిచాను. వచ్చింది వేరే. ఫ్యాక్టరీ ఎట్లా మొదలైందో, చెరుకు ఎన్ని రకాలో, ఎప్పుడు నరకాలో చెప్పే కోత ఆర్డర్లు ఫ్యాక్టరీ నుంచి ఎట్లా వచ్చేవో, మా నాయన గేటు ముందు ఏం మాట్లాడాడో చెప్పుకుంటూ పోయాను. ఆమె వేళ్లు ఆగలేదు. ఆకు, తంబాకు, చుట్ట, దారం. ఒక కట్ట అయింది. రెండోది మొదలైంది.

“పటేలా,” అంది చివరికి. “మీరు నన్ను అడగనీకె వచ్చిండ్రా, నాకు జెప్పనీకె వచ్చిండ్రా?”

గుమ్మంలో కూతురు తల వంచుకుని ఆకు కత్తిరిస్తోంది. నవ్వుకు భుజాలు కదులుతున్నాయి.

“అడగడానికే,” అన్నాను.

“మరి అడుగుండ్రి. నాకు పనయితాంది గని, మీకే అయితలేదు.”

మొదటి ప్రశ్న చదివాను. నా చెవులకు నా గొంతు ఎవరిదో అనిపించింది. ఆమె చెప్పింది. తెల్లవారకముందే బయలుదేరడం, చెరుకాకు చేతుల్ని కోసేయడం, బిడ్డను గట్టు మీద చీర నీడలో పడుకోబెట్టి కోతకు దిగడం. రాస్తూ పోయాను. రెండో ప్రశ్న తేలికైంది. మూడోది నేను రాసుకురానిదే వచ్చింది: “ఆ బిడ్డ ఈమేనా?”

“ఇంకెవలు? గీ గట్టు మీదనే పండుకునేది,” అని ఆమె గోడ అవతల వైపు చూపించింది. గోడ అవతల ఇప్పుడు ఎవరిదో మెడికల్ షాపు. “గది మీ గట్టే గద పటేలా.”

అవునన్నాను.

“ఇగ నేనొకటి అడగాల్నా?” అంది. “గంత మంచి మడి. ఆఖరి ఏడు చెరుకు నిలువెత్తు ఉండె. మేము కత్తులు వట్టుకొని వచ్చినం, కోత లేదన్నరు. ఎందుకు లేదన్నరు?”

ఆ సంగతి నేను అంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు రైతులంతా దూరాన ఉన్న మరో ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్లి, బారులో నిలబడి, కోత ఆర్డరు రాయించుకున్నారు. మా నాయన వెళ్లలేదు. “వాళ్లే పంపిస్తరు,” అన్నాడు. ఆయన పేరు తెలియనివాళ్లు ఆర్డరు ఎందుకు పంపుతారు? చెరుకు పూతకొచ్చింది. రసం ఎండి లోపల బెండయింది. చివరికి మడిలోనే నిప్పు పెట్టాము. ఇదంతా చెప్పాను. 

“ఒక్క మాట అడిగితె అయిపోతుండె గద పటేలా,” అంది ఆమె. తిట్టినట్టు కాదు. పక్కింటివాళ్ల గురించి అనుకున్నట్టు.

ఆ రోజు రాసింది మొదటి అధ్యాయం చేశాను. మిగతా నలుగురిని కూడా కలిశాను. ప్రాజెక్టు ఆమె బల్ల మీదికి వెళ్లింది. మూడు రోజుల తర్వాత తిరిగి వచ్చింది. అంతటా ఎర్ర ఇంకు గీతలు. నా మంచి తెలుగు వాక్యాలు చాలా కొట్టేసింది. తల్లి నన్ను ప్రశ్న అడిగిన పేజీలో మాత్రం ఒక్క గీత లేదు. పక్కన ‘చాలా బాగుంది సార్’ అని రాసింది. ఆమె చేతిరాత కూడా గుండ్రంగా, నాకంటే బాగుంటుంది. ఆ పేజీ చూసినప్పుడల్లా ఇప్పటికీ నాకు మండుతుంది. మెచ్చుకోవడానికి ఆమెకు అర్హత ఉంది. నాకు లేదు.

ప్రాజెక్టుకు మంచి మార్కులే వచ్చాయి. కానీ మొత్తంలో పదేళ్ల కిందటి పరీక్ష పేపర్లూ కలిసే ఉన్నాయి. వాటిలో ప్రశ్న ఏదైనా నాకు తోచిందే రాశాను. మొత్తం కలిపితే యాభై మూడు శాతం. డిగ్రీ వచ్చింది. కావలసిన శాతం రాలేదు. పోస్టు ఆమె పేరు మీద రాశారు. నా గది బయట నా పేరు పలక తీసేశారు. ప్రిన్సిపాల్ నన్ను వదులుకోలేక, వక్తృత్వ పోటీల పిల్లలకు వారానికి రెండు గంటలు తర్ఫీదు ఇవ్వమన్నారు. ఇస్తున్నాను. ఎదురు గదిలో ఆమె పాఠం నడుస్తుంటే మా పిల్లలు కూడా చెవి అటే పెడతారు. నేనూ పెడతాను. ఆమె ఒక ప్రశ్న అడిగి ఆగుతుంది చూడండి, ఆ ఆగడం నేను నేర్పిందే. ఆ తర్వాత వచ్చే జవాబు మాత్రం నా క్లాసులో ఎన్నడూ రాలేదు.

మొన్న ఆ ఎం.ఏ. మార్కుల మెమో పెట్టడానికి పెట్టె తెరిస్తే మడి లేఅవుట్ నకలు దొరికింది. నాయన ఉండగానే ఆ పన్నెండు ఎకరాల చెరుకు మడిని ప్లాట్లు చేసి అమ్మాము. రోడ్డు వంపు నుంచి ఏడో ప్లాటు ఆ తల్లీకూతుళ్లది.