గుండె తప్ప అన్నిటికీ

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని నా తలమీద చెయ్యి పెట్టుకుని ఒట్టేస్తున్నాను. మా ఆవిడ తల నా ఒట్లకు ఎప్పుడో అరిగిపోయింది.

ఈ ఉదయం జురాంగ్ ఈస్ట్ స్టేషన్లో రైలెక్కగానే పక్కసీటు పెద్దాయన కణతలకు పచ్చ తైలం రాసుకున్నాడు. ఆ ఘాటు ముక్కుకు తగిలేసరికి, ఇప్పుడు లేని అన్నపూర్ణ ఆంటీ వచ్చి నా ఎదుట నిలబడ్డారు. యీషున్‌లో మా అంతస్తులోనే ఉండేవారు. కాకినాడలో పుట్టి, పెళ్ళితో ఈ పరాయి దేశానికొచ్చి, ఆసుపత్రి వార్డులో నర్సుగా జుట్టు నెరిసిన మనిషి. ఏ నొప్పికైనా ఆవిడకు ఆ తైలమే మందు. ఎదుటివాడి మొహమాటానికి మాత్రం ఆవిడ నోరే మందు.

నేను యాభై దాటగానే ఉద్యోగం మానేశాను. అప్పటికే ఒంట్లో షుగరు, గుండెలో స్టెంటు ఉన్నాయి. ఆఫీసు కార్డు వెనక్కిచ్చిన రోజే కంపెనీ బీమా కూడా పోయింది. ప్రభుత్వ బీమా ఉంది గానీ, అది సాధారణ వార్డుకే సరిపోతుంది. నాకేమో స్టెంటు వేసిన ప్రైవేటు డాక్టరే కావాలి. అందుకని పైబీమా కోసం తిరిగాను. స్టెంటు మాట ఎత్తగానే ఏజెంట్లు కాఫీ సగంలో వదిలేసి లేచేవారు. ఒళ్ళు బాగున్నన్నాళ్ళూ వెంటపడి, జబ్బు చేయగానే ముఖం చాటేసే వ్యాపారానికి ఆరోగ్య బీమా అని పేరు!

చివరికి ఒక గుంటూరు ఏజెంటు దొరికాడు. తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే ఇంకెవరూ కూర్చోకుండా ఆపి, నన్నూ నాకు తోడొచ్చిన ఆంటీనీ కూర్చోబెట్టాడు.

“అంకుల్, స్టెంట్ గురించి రాయకండి. చూడ్డానికి ఫిట్‌గా ఉన్నారు. ఎవరికి తెలుస్తుంది?”

నిజం చెప్పొద్దూ, నా మనసు ఊగింది.

“డబ్బు కట్టేటప్పుడు తెలీదు. ఆసుపత్రిలో పడ్డాక తెలుస్తుంది. అప్పుడు నువ్వొచ్చి కడతావా?” అన్నారు ఆంటీ.

“అందరూ చేసేదే లా, ఆంటీ,” అన్నాడతను ఇక్కడి యాసలో.

“ఆ అందరి పెళ్ళాలూ మా వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఏడవడం చూశాన్రా. నోరు మూసుకుని మకాన్ చెయ్యి.” అతను తింటున్న నూడుల్స్‌లోకి తల దించుకున్నాడు. ఆంటీ నాకేసి తిరిగారు. “ఏమయ్యా, నీ కోతలు నా దగ్గర కొయ్యి, బీమా వాళ్ళ దగ్గర కాదు. ఉన్నది ఉన్నట్టు రాయి.”

రాశాను. గుండె, షుగరు, వాటివల్ల వచ్చేవీ తప్ప అన్నిటికీ బీమా ఇస్తామని జవాబొచ్చింది.

“అంటే నీ మోకాళ్ళకి ఇస్తారన్నమాట!” అంటూ ఆంటీ నన్ను ఆ కంపెనీ కౌంటరు దాకా ఈడ్చుకెళ్ళారు. “ఈయన నిజం రాశాడమ్మా. దాచినోడికి పాలసీ, చెప్పినోడికి శిక్షా?” అని హాలంతా వినబడేలా ఇంగ్లీషులోనూ, కోపం చాలక తెలుగులోనూ అడిగారు. లోపల్నుంచి మేనేజరు పరుగున వచ్చి, క్షమించమని, గుండెతో సహా అన్నిటికీ పాలసీ ఇచ్చాడు.

ఆ మేనేజరు ఒక్కడే కల్పన. నిజానికి ఎవరూ రాలేదు. కౌంటరులో అమ్మాయి ఎంతో మర్యాదగా, అది కంపెనీ నియమం అంది. ఆ తర్వాత గుండె మళ్ళీ మొరాయించినప్పుడు నేను ఫ్యాను తిరిగే సాధారణ వార్డులోనే పడుకున్నాను. ప్రభుత్వ బీమా ఆదుకుంది. ఆంటీ మంచం పక్కన కూర్చుని, “ఈ నర్సు పిల్లలకి సూది వెయ్యడం నేనే నేర్పాను, భయపడకు” అన్నారు.

ఆవిడ ప్రశ్నకు ఎవరో ఒకరు లేచొచ్చి జవాబు చెప్పాలనిపించి ఆ మేనేజరును పుట్టించాను. ప్రశ్న మాత్రం నిజం. ఇప్పటికీ ఏ ఏజెంటు ఎదుట కూర్చున్నా ముందు అదే అడుగుతాను.