కదలండమ్మా, ఇది ఫొటో కాదు

మొన్న మా వీధిలో ఓ పెళ్లి పందిట్లో పాతకాలపు పెద్ద లైటొకటి వేశారు. దాని మీది దుమ్ము కాలిన వాసన ముక్కుకి తగిలిందో లేదో, పక్కావిడ చెబుతున్నది నాకు ఒక్క ముక్క వినబడలేదు. ఎనభైల్లో అమలాపురంలో, దేవదానం గారి వీడియో షాపులో నేను పీల్చిన గాలంతా ఆ వాసనే.

బి.ఏ. అయ్యాక ఆయన నన్ను పనిలో పెట్టుకున్నది నా తెలివి చూసి కాదు. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి మగవాళ్లను రానివ్వరు; కెమెరా పట్టే ఆడమనిషి కావాలి, అంతే. నాకేమో అన్నీ తెలుసుకోవాలని ఒకటే తహతహ. "సినిమాల్లో కెమెరామన్ వేరు, లైట్లు వేసేవాళ్లు వేరు, ఎడిటరు వేరు కదండీ. మరి మన దగ్గరో?" అని ఆయన ప్రాణం తీసేదాన్ని.

"కెమెరా నువ్వు. లైటూ, మైకూ, టేపూ నేను. ఎడిటింగు ఇద్దరం కొట్టుకుని చేద్దాం."

"మరి డైరెక్టరు ఏం చేస్తాడండీ?"

"చూద్దువుగానిలే అమ్మాయ్, తొందరెందుకూ?"

రాజోలులో సుగుణ పెళ్లికి చూశాను. తల్లి లేని సుగుణను పెంచింది మలికిపురంలో ఉండే నాయనమ్మ కరుణమ్మగారు. పక్షవాతం వచ్చి మంచం దిగలేరు. ముందురోజు మేం వెళితే దేవదానం గారి చెయ్యి పట్టుకున్నారు. "చర్చికి నేనెలాగూ రాలేను బాబూ. నా పిల్ల నవ్వుతుంటే చూడాలి. ఆ ఒక్కటీ తెచ్చిపెట్టండి."

"ఆయ్, అలాగేనండి," అనేశారాయన. అన్నంత తేలికా అది?

చర్చిలో నేను కెమెరా ఎత్తగానే జనమంతా బిగుసుకుపోయారు. వాళ్లకు తెలిసింది ఫొటో ఒక్కటే, కదిలితే పాడవుతుందని చిన్నప్పటినుంచీ చెప్పించుకున్నవాళ్లాయె. పెళ్లికొడుకు తాళి చేత్తో పట్టుకుని, క్లిక్కుమనే చప్పుడు కోసం నా వైపే చూస్తూ నిలబడ్డాడు. పాస్టరుగారు సైతం ప్రార్థన ఆపి గడ్డం పైకెత్తారు! "కదలండమ్మా, ఇది ఫొటో కాదు," అని మొత్తుకున్నకొద్దీ ఇంకా బిగుసుకున్నారు. సుగుణ సరేసరి, కొయ్యబొమ్మే. ఆ ముసలావిడకు ఏం చూపిస్తామా అని నాకు ఏడుపొచ్చింది.

విందు దగ్గర దేవదానం గారు లైటు ఆర్పేసి, "అయిపోయిందండీ, ఇంక హాయిగా భోంచెయ్యండి," అని అందరికీ వినబడేలా చెప్పారు. నేను కెమెరా దించబోతే, "ఆపకు," అని గొణిగారు. అప్పుడు చూడాలి! అందరి భుజాలూ ఒక్కసారిగా దిగాయి. పెళ్లికొడుకు బిగుతు కోటు విప్పబోతే చెయ్యి లోపలే ఇరుక్కుపోయింది. ఆ చెయ్యి పట్టుకు లాగుతూ సుగుణ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. డైరెక్టరు పనేమిటో నాకు అప్పుడర్థమైంది.

"ఇది మోసం కాదాండీ?" అన్నాను తిరిగొస్తూ.

"ముందు పెళ్లికూతురికే చూపిద్దాం. వద్దంటే చెరిపేద్దాం."

సుగుణ చూసింది, సిగ్గుతో ముడుచుకుపోయింది, "నాయనమ్మకు చూపించండి," అంది.

కరుణమ్మగారి మంచం పక్కన టీవీ పెట్టాం. తాళి కట్టేటప్పుడు రెప్ప వెయ్యకుండా చూశారు. నవ్వు రాగానే, పనిచేసే ఆ ఒక్క చెయ్యీ టీవీ వైపు చాపారు. "ఇదీ నా పిల్ల! ముక్కు చిట్లించడం చూడండి, అచ్చం వాళ్లమ్మే." దేవదానం గారు కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఎవరింటికి వెళ్లినా, "వస్తానండీ" అన్నాక నేను వెంటనే మెట్లు దిగను. చెప్పులు వెతుక్కుంటున్నట్టు గుమ్మంలో కాసేపు తచ్చాడతాను. ఇంటివాళ్లు అసలు సంగతి అప్పుడే చెబుతారు.