తీరం లేని దేశంలో ఓడరేవు

తాను చేయని తప్పుకు ఒక మనిషి క్షమాపణ చెప్పినట్టు అచ్చువేశారు. తప్పు ఆమెది కాదు, క్షమాపణ కూడా ఆమెది కాదు. అసలు తప్పు చేసినవారు అదే సంచికలో, రెండు పేజీల ముందు, అగ్రరాజ్యాలు చిన్న దేశాలకు క్షమాపణ చెప్పి తీరాలని సంపాదకీయం రాసుకున్నారు. ఆ సంచిక నా దగ్గర భద్రంగా ఉంది.

ఆమెను పత్రికాఫీసులో అందరూ 'విదేశాంగం వదిన' అంటారు. మొదట అలా పిలిచినవాడు పేజీలు కట్టే మనిషి. తరువాత అందరి నోటా అదే నిలిచింది. ఆ అభ్యుదయ వారపత్రిక నాలుగో పేజీలో విదేశాంగ విధానం మీదా, ప్రపంచ వాణిజ్యం మీదా ఇరవయ్యేళ్లకు పైగా ఆమె కాలమ్ వచ్చింది. ఒక దేశం గోధుమల ఎగుమతి ఆపితే మరో దేశంలో రొట్టె ఎందుకు చిన్నదవుతుందో ఆమె రాస్తే, కూరగాయల దుకాణం ముందు నిలబడి చదివినా అర్థమయ్యేది. రాసే చోటు పడకగది కిటికీ పక్కన కుట్టుమిషన్ బల్ల. మిషన్‌ను లోపలికి మడిచి, పైన అట్లాసు పరుచుకునేది. భర్త నీటి సరఫరా శాఖలో మీటర్లు చూసి రిటైరయ్యాడు. ప్రపంచం తలకిందులైనా మధ్యాహ్నం కునుకు మానని మనిషి. అత్తగారు బడిలో భూగోళం పాఠాలు చెప్పిన టీచరు. కోడలి కాలమ్‌ను భూతద్దం పెట్టి చదివి, ఏ నది పేరులోనైనా తప్పు దొరికితే ఆ పూటంతా హుషారుగా ఉండేవారు.

పత్రికాఫీసు టైర్ల దుకాణం మీది అంతస్తులో ఉంటుంది. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన, పైన సిద్ధాంతం. అక్కడ భూమ్మీద దేశాలు రెండే రకాలు: 'మనవాళ్లు', 'వాళ్లు'. వాళ్ల దేశంలో పోలీసు లాఠీ ఎత్తితే ఆ వారమే సంపాదకీయం. మనవాళ్ల దేశంలో తుపాకీ పేలితే సంపాదకుడుగారు "కాస్త మాగనివ్వండి" అంటారు. మాగబెట్టడానికి ఇనుప బీరువాలో ఒక అర కూడా కేటాయించారు. పచ్చివని అందులో పెట్టిన వ్యాసాల్లో పండి బయటికి వచ్చినదాన్ని ఎవరూ చూడలేదు. తొందరపడి తీర్పు చెప్పకూడదట, శత్రువు చేతికి ఆయుధం ఇవ్వకూడదట, చారిత్రక సందర్భం చూడాలట. ఆ చారిత్రక సందర్భం వాళ్ల దేశాలకు ఎందుకు ఉండదని అడిగితే, ఆ ప్రశ్న కూడా అదే అరలోకి పోతుంది.

మనవాళ్ల జాబితాలో అన్నిటికన్నా పైన ఉన్న దేశం ఒకటుంది. దాని అధ్యక్షుడి ఫోటో సంపాదకుడుగారి కుర్చీ వెనకే వేలాడుతుంది. ఆ దేశం తన ఓడరేవును ఒక విదేశీ కంపెనీకి కౌలుకిచ్చింది. కంపెనీ కూలి తగ్గించింది, రేవు కూలీలు పని ఆపారు, సైన్యం వచ్చి కాల్చింది. కొందరు క్రేన్ల కిందే ప్రాణాలు విడిచారు. వదిన ఆ వార్తను అనేక దేశాల పత్రికల్లో సరిచూసుకుని రాసింది. మాగబెట్టే అర సంగతి ఎరిగిన మనిషి కనుక, పేజీ మూసే సాయంత్రం దాకా వ్యాసం చేతికివ్వలేదు.

ఉపసంపాదకుడు చదివి నుదురు తుడుచుకున్నాడు.

"వదినగారూ, ఇది మనవాళ్ల గురించి కదండీ?"

"చనిపోయినవాళ్ల గురించి, బాబూ."

"వేరే ఏదైనా రాశారా?"

"లేదు. కావాలంటే తెల్ల కాగితం ఉంది, అచ్చేసుకోండి."

అని ఆమె ఇంటికి వెళ్లిపోయింది. ఇక సంపాదకుడుగారికి మిగిలినవి రెండే దారులు: వ్యాసం వేయడం, లేదా పేజీ ఖాళీగా వదలడం. ఆయన మూడోది కనిపెట్టారు. వ్యాసమంతటా దేశం పేరు కొట్టేసి, 'వాళ్ల' దేశాల్లో ఒకదాని పేరు రాశారు. రాజధాని మార్చారు, అధ్యక్షుణ్ణి మార్చారు. రేవును, క్రేన్లను, సరుకు దించని నౌకలను, రేవు గోడ పక్కన కూలబడి ఏడ్చిన భార్యలను మాత్రం యథాతథంగా ఉంచారు. ఆయన ఎంచుకున్న దేశానికి నాలుగు వైపులా నేలే. అక్కడి మనిషి సముద్రం చూడాలంటే పొరుగు దేశం మొత్తం దాటాలి. ప్రపంచ పెట్టుబడి మీద లావుపాటి గ్రంథాలు రాసిన పెద్దమనిషికి ఒక్కసారి అట్లాసు తెరవాలని తోచలేదు.

పత్రిక ఇంటికి వచ్చిన ఉదయం మొదట చదివింది అత్తగారే.

"ఏమ్మాయ్, ఇలా రా. ఈ దేశంలో ఓడరేవు ఎక్కడుందే?"

"ఏ దేశంలో అత్తయ్యా?"

"నువ్వు రాసిన దేశంలోనే. ఇన్నేళ్లూ నేను పిల్లలకి అబద్ధం చెప్పానా, లేకపోతే రాత్రికి రాత్రి అక్కడ సముద్రం పుట్టిందా?"

వదిన నిలబడే చదివింది. చదివి, కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చోబోయింది, భర్త పట్టుకున్నాడు. "ఎవరు చూస్తారులే, నాలుగో పేజీ కదా" అన్నాడు ఓదార్పుగా. ఇరవయ్యేళ్ల కాపురంలాంటి ఆ పేజీ గురించి ఆయన చెప్పిన ఓదార్పు అది.

చూడనివారు లేరు. కూరగాయలమ్మే అతను, "అమ్మగారూ, ఎలాగూ చెయ్యి తిరిగింది, మన వీధి చివర కూడా ఓ సముద్రం వేయించండి, చేపలు చవకవుతాయి" అన్నాడు. పోటీ పత్రిక బొమ్మ వేసింది: ఇసుకలో లంగరు దించిన ఓడ, దాని మీద కళ్లజోడుతో వదిన. మరుసటి సంచికలో సవరణ వచ్చింది: "రచయిత్రి పొరపాటుకు చింతిస్తున్నాం. ఆమె పాఠకులకు క్షమాపణలు తెలుపుకుంటున్నారు." ఆమె కాలమ్ ఉండవలసిన చోట కుండీల్లో మొక్కల పెంపకం గురించిన వ్యాసం వేశారు.

ఆమె పత్రిక సలహా సంఘం సమావేశానికి వచ్చి నిలదీసింది. ఆ సంఘంలో నేనూ ఉన్నాను కనుక విన్నదే రాస్తున్నాను. సంపాదకుడుగారు ఏదీ దాచలేదు. అంత నిర్మలమైన మనసు ఆయనది.

"మార్చింది నేనే. ఎవరు కాదన్నారు? సారాంశం ఎక్కడికీ పోలేదు వదినగారూ. ఏ దేశంలోనైనా కూలీ కూలీయే, తూటా తూటాయే."

"మరి సముద్రం?"

"అది సాంకేతిక లోపం."

పేజీలు కట్టే మనిషి గుమ్మం దగ్గర నుంచి, "ఒక్క మాట నా చెవిన వేస్తే రేవు తీసేసి బస్టాండు పెట్టేవాణ్ణి కదండీ" అన్నాడు.

"తప్పు నాదని ఎందుకు వేశారు?" అంది వదిన.

"మీరు మన మనిషి కాబట్టి వేశాం. పరాయివాళ్ల మీద వేస్తామా? మీ పరువు మీ ఒక్కరిదండీ, పత్రిక పరువు ఉద్యమానిది." తరువాత గొంతు తగ్గించారు. "వచ్చే నెల నుంచి కాలమ్ మళ్లీ మీకే. ఈ గొడవ మాత్రం ఇక్కడితో వదిలెయ్యండి. సవరణకి సవరణ వేస్తే నలుగురూ నవ్వుతారు."

ఆమె ఒప్పుకుంటుందనే అందరూ అనుకున్నారు. ఆ కాలమ్ తప్ప ఆమెకు మరో లోకం లేదని ఆ గదిలో తెలియనివారు లేరు.

"సరే. ముందు ఆ వ్యాసం వేస్తారా? నేను రాసిన దేశం పేరుతోనే?"

"అది... కాస్త మాగనివ్వండి."

వదిన సంచీ భుజాన వేసుకుంది. "నా పేరు సంగతి నేను చూసుకుంటాను. చచ్చిపోయినవాళ్లని మీరు తీసుకెళ్లి వేరే దేశంలో పూడ్చారు. వాళ్ల పెళ్లాలు ఎక్కడని వెతుక్కుంటారు? వాళ్లని వాళ్ల ఊళ్లో పెట్టి పిలవండి, వచ్చి రాస్తాను."

ఆ తరువాత ఆమె మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు. ఇంట్లో అట్లాసు బీరువా మీదికి చేరింది. బల్ల మీదికి మళ్లీ మిషన్ వచ్చింది. దిండు గలీబులు కుడుతోంది. అత్తగారు పత్రికకు చందా ఆపేసి, "కుండీలో మొక్కకి నీళ్లెప్పుడు పొయ్యాలో వీళ్లా నాకు చెప్పేది?" అన్నారు.

సంపాదకుడుగారూ, సలహా సంఘం పెద్దలారా! మీ చేతి మార్పులున్న మూలప్రతి మీ ఆఫీసులో ఉంది. నకలు నా దగ్గరుంది. ఆ వ్యాసాన్ని అదే పేజీలో, అంతే సైజు అక్షరాల్లో, ఆమె పేరుతో, ఆమె రాసిన దేశం పేరుతో అచ్చువేయండి. దేశాన్ని మార్చింది మీరేనని ఒక్క వాక్యం దాని కింద పెట్టండి. సందర్భం, విశ్లేషణ, వివరణ అక్కర్లేదు. అవి మీ దగ్గర కావలసినన్ని ఉన్నాయని పాఠకులకు తెలుసు. ఆ రేవు కూలీలను కాల్చి చంపింది ఎవరో వచ్చే సంచికలో చెప్పండి.