మా బావ ఎడమ పక్క

హోలోగ్రాం అనే మాటని మనవాళ్ళు భ్రష్టు పట్టించారు. ఎన్నికల మీటింగులో తెర మీద నాయకుడు వెలిగిపోతూ చెయ్యి ఊపితే హోలోగ్రాం అన్నారు. మా మేనల్లుడు ఫోను మీద ప్లాస్టిక్ గోపురం ఒకటి బోర్లించి, అందులో సీతాకోకచిలుకని ఎగరేసి, "చూశావా మావయ్యా, హోలోగ్రాం!" అన్నాడు. నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. అది హోలోగ్రాం అయితే సెలూన్ అద్దంలో నా మొహం కూడా హోలోగ్రామే.

నేను చదివింది ఎనిమిది. నరసరావుపేటలో పురుగుమందుల కొట్లో గుమాస్తాగా ముప్పయ్యేళ్ళు చేశాను. డబ్బా మూత మీద మెరిసే హోలోగ్రాం బిళ్ళ ఉంటే అసలు మందు, లేకపోతే దొంగమందు అని రైతులకి చెప్పడం నా పనుల్లో ఒకటి. క్రోసూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ బిళ్ళని ఎండకి అటూ ఇటూ తిప్పి, "ఇది ఎట్టా మెరుస్తందో నీకే తెలవదు. అసలుదో కాదో నీకెట్టా తెలిసిందబ్బాయ్?" అని అడిగాడు. సిగ్గేసింది. ఆ సిగ్గుతో మొదలైన చదువు ఇప్పటికీ సాగుతోంది. ముందు డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు, తర్వాత ఫోనులో వీడియోలు. కొట్లో పని మానేశాక, సొంతంగా హోలోగ్రాం చేద్దామని లేజరు కొన్నాను. వెనకగది కిటికీలకి నల్లగుడ్డ కొట్టాను. ఒక కాలేజీ లెక్చరరు వచ్చి చూసి, "దీనికి ల్యాబు కావాలండీ, మీవల్ల కాదు" అని సెలవిచ్చాడు. ఆయనకి కాఫీ ఇచ్చినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

పోయినేడు మా బావ పోయాడు. చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లుల ఎదురుగా మా అక్కా ఆయనా టీకొట్టు నడిపారు. ఆయన పొయ్యి ముందు, రోడ్డుకి ఎదురుగా నిలబడి టీ తిరగబోసేవాడు. ఆమె ఆయన ఎడమ పక్కన నిలబడి గ్లాసులు కడిగేది. ఏళ్ళ తరబడి అదే వరస. దినాలయ్యాక మా మేనల్లుడు ఆధార్ కార్డు ఫొటోని తలుపంత పెద్దది చేయించి హాల్లో పెట్టాడు. అక్క దాన్ని చూసి, "ఎవుర్రా ఈయన? కొట్టు మూయించడానికి వచ్చినట్టు చూస్తన్నాడు" అంది.

అందరూ నవ్వారు. మర్నాడు నేను బయల్దేరుతుంటే నన్ను వంటింట్లోకి పిలిచింది.

"నాకు ఆయన పక్కమొహమే తెలుసురా. అది జారిపోతంది. ముక్కు దాకా గుర్తొస్తంది, ఆ కింద రావట్లా. ఈ పటం కనపడినప్పుడల్లా ఇంకాస్త పోతంది."

మా అక్క ఏడిచే మనిషి కాదు. అప్పుడూ ఏడవలేదు. పప్పు గుత్తితో ఎనిపినదాన్నే మళ్ళీ ఎనిపింది.

ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ మంచం మీద పరిచాను. రేషన్ కార్డుది, ఓటరు కార్డుది, పెళ్ళిది, తిరపతి స్టూడియోది. అన్నిట్లోనూ బావ గోడకి దిగ్గొట్టినట్టు ఎదురుగా ఉన్నాడు. మనవాళ్ళకి ఫొటో అంటే హాజరు పట్టీ. రెండు కళ్ళూ పడాలి, రెండు చెవులూ పడాలి. కాస్త పక్కకి చూస్తే స్టూడియోవాడే వచ్చి గడ్డం పట్టి తిప్పుతాడు. ఆయన పక్కమొహం ప్రపంచంలో మా అక్క బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. అక్కడ కూడా సగమే మిగిలింది.

"నేను బావని నిలబెడతా. నీ ఇష్టం వచ్చిన పక్క నుంచి చూసుకో" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

పద్ధతి చెప్తాను, కష్టమేం కాదు. ఒక మనిషి చుట్టూ కొద్దికొద్దిగా జరుగుతూ తీసిన ఫొటోలు కావాలి. ఒక్కో ఫొటోనీ లేజరు వెలుగులో, మందు పూసిన గాజుపలక మీద ఒక సన్నటి నిలువు గీతలోకి ఎక్కించాలి. గీత పక్కన గీత. పలక కడిగి దీపం చూపిస్తే, కుడికన్నుకి ఒక గీతలోంచి ఒక ఫొటో, ఎడమకన్నుకి ఇంకో గీతలోంచి ఇంకో ఫొటో కనపడతాయి. రెండూ బుర్రలో కలిసి మనిషి లేచి నిలబడతాడు. మనం జరిగితే ఆయన పక్క కూడా కనపడుతుంది. అన్నీ చదును బొమ్మలే, ఒక్కదానిలోనూ లోతు లేదు.

బొమ్మలు మేనల్లుడి పెళ్ళి వీడియోలో దొరికాయి. తలంబ్రాలప్పుడు వీడియోవాడు వేదిక చుట్టూ అర్ధచంద్రంగా తిరిగాడు. మధ్యలో, పెళ్ళికొడుకు పక్కనే బావ. ఇంకేం కావాలి?

గీత పడేటప్పుడు పలక వెంట్రుకవాసి కూడా కదలకూడదు. మోపెడ్ ట్యూబుల్లో గాలి కొట్టించి, వాటి మీద నాపబండ వేసి, బండ మీద సామానంతా పెట్టాను. పలకని గీతగీతకీ జరిపే మర మా వీధి మెకానిక్ భాయ్ చేసిచ్చాడు. "అన్నా, అందరూ బండికి గాలి కొట్టించుకుంటారు. బండకి కొట్టించుకునేది నువ్వొక్కడివే" అన్నాడు. అయినా పై ఇంటివాళ్ళ గ్రైండరు తిరిగితే చాలు, అంతా పోయేది. అందుకని మధ్యాహ్నం కరెంటు తీసేసినప్పుడు, వీధి వీధంతా ఉసూరుమంటుంటే, నేను బ్యాటరీ మీద లేజరు వెలిగించుకుని పని చేసేవాణ్ణి. ఈ జిల్లాలో కరెంటు కోతకి దణ్ణం పెట్టిన మనిషిని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మొదటి పలక పట్టుకెళ్ళి దీపం పెట్టాను. బావ లేచాడు. సిల్కు చొక్కా మడతలు, భుజం మీద కండువా, అన్నీ ఉబ్బెత్తుగా నిలిచాయి. నా ఛాతీ కూడా ఉబ్బింది. అక్క ఎడమ పక్క చూద్దామని మెల్లగా జరిగింది. బావ ఒళ్ళు తిరిగింది, మొహం మాత్రం ఆమె వెంటే వచ్చింది. ఇంకాస్త జరిగింది. ఇంకాస్త వచ్చింది.

"ఒరేయ్! ఇదేందిరా, మెడ ఇరిగినోడిలా చూస్తన్నాడు!" అని అక్క దాని మీద తువ్వాలు కప్పేసింది.

తప్పు లేజరుది కాదు. వీడియోవాడు చుట్టూ తిరిగినంతసేపూ మా బావ, మర్యాద తప్పకుండా, వాడి వైపే మొహం తిప్పుతూ కూర్చున్నాడు. బావే కాదు, పురోహితుడు కూడా మంత్రం ఆపకుండా అటే చూస్తున్నాడు. మూడు నెలల పని. నేను అక్కడే మేనల్లుడి కంప్యూటరు ముందు కూర్చుని వీడియోవాడి వంశాన్ని తిట్టుకుంటూ ఆ పెళ్ళి మొత్తం మళ్ళీ నడిపించాను. భోజనాల బంతి వచ్చింది. కెమెరా నడుస్తుంటే ప్రతివాడూ ముద్ద నోట్లో పెట్టుకుని తలెత్తుతున్నాడు.

"ఆపు. ఎనక్కి పో," అంది నా వెనక నిలబడ్డ అక్క. "అదిగో."

బంతి చివర బావ వంటాయన మీద విరుచుకుపడుతున్నాడు. వంకాయకూరలో ఉప్పెక్కువైందట. ఆ కోపంలో కెమెరా తనని ఎడమ పక్క నుంచి దాటిపోతున్నా చూసుకోలేదు. మూడు సెకన్లు. డెబ్బై అయిదు బొమ్మలు. ఆ తర్వాత కెమెరాని చూశాడు, కోపం మింగేసి, మళ్ళీ ఆధార్ కార్డయిపోయాడు.

డెబ్బై అయిదు బొమ్మలతో పలక నిండదు. ఒక పక్క జానెడు మేర మాత్రమే బావ ఉంటాడు, ఎదురుగా నిలబడితే ఖాళీ గాజు. మేనల్లుడు ఒప్పుకోలేదు. "సంవత్సరీకానికి చుట్టాలంతా వస్తారు మావయ్యా. ఖాళీగా ఉంటే నవ్వుతారు. ఆధార్ ఫొటో ఎదురుగా ఇరికించెయ్." నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. ఆ లెక్చరరుకి నిండు పలక చూపించాలని ఉండేది. అక్కని అడిగాను.

"ఇరికిస్తే నే చూడను," అంది.

ఇరికించలేదు.

పలక సరిగ్గా సంవత్సరీకం ముందురోజు ఆరింది. పంచెలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని పోయాను. హాల్లో నిలబెట్టి దీపం పెట్టాం. కోడలు దండ వేసింది. బావ తమ్ముడు ఈపూరు నుంచి వచ్చాడు, ఎదురుగా నిలబడి కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు.

"ఖాళీ అద్దానికి దండేశారేంది వదినా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పదిమందిలో నా చెవులు కాలిపోయాయి. అక్క చేతులు చెంగుకి తుడుచుకుని, వచ్చి, కుడివైపు కాస్త వారగా నిలబడి తలెత్తింది. 

"దవడ కింద మచ్చ రాలేదురా," అంది.

"వీడియోలో లేనిది నేను యాణ్ణుంచి తెచ్చేదక్కా!"

"అంత ఇంగ్లీషు చదువుతావు, ఒక్క మచ్చ తేలేవా?" అంది. కళ్ళు మాత్రం పలక మీంచి తియ్యలేదు. "మచ్చ ఆడ ఉండేది. అదిగో, ఆ నరం కిందనే."

వేలు పెట్టి గాలిలో చూపించింది. ముక్కు కింద, పెదవి కింద, దవడ కింద.

"ఓసారి జరుగు వదినా, మేమూ చూస్తాం," అన్నాడు బావ తమ్ముడు. బావ కనపడేది ఒక మనిషి పట్టే చోట్లోనే. ఆయన వెనక ఇంకో అయిదారుగురు వరసగా చేరారు.

"ఉండయ్యా," అంది అక్క.

విస్తళ్ళేశాం రండి అని కోడలు రెండుసార్లు పిలిచింది. వరస అట్లాగే నిలబడింది. అక్క జరగలేదు.