అడిగినా ఇవ్వకూడని చాబీ

మా పక్కింటి బాబాయి పోయాడు. ఈ వానల్లో పట్టుకున్న జ్వరం ఊపిరితిత్తులకు పాకింది. ఆసుపత్రి నుంచి పిన్ని ఫోన్ చేసి, "అయిపోనాది నాయనా" అని ఒక్క మాట అంది. సాయంత్రానికల్లా సువర్ణరేఖ ఒడ్డున అంతా ముగిసింది. సోనారిలో మా వీధివాళ్ళు చాలామందే వచ్చారు. వాళ్ళలో దాదాపు ప్రతివాళ్ళ ఇంట్లోనూ బాబాయి చేసిన వస్తువు ఒకటైనా ఉంటుంది. గిన్నె మూత మీది పిడి, కిటికీ గొళ్ళెం, కుట్టుమిషను బుష్షు, ఏదో ఒకటి. ఆ సంగతి అక్కడెవరూ ఎత్తలేదు. నాకు నలుగురిలో మాట్లాడటం చేతకాదు కనుక నేనూ ఎత్తలేదు. రోజువారీ ఖర్చులు తప్ప ఇంకేమీ రాసి ఎరగని వాణ్ని. అయినా ఆయన గురించి ఒకసారి రాసి పెట్టాలనిపించింది.

బాబాయి నాకు చుట్టం కాదు. వాళ్ళూ మేమూ శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చినవాళ్ళం, అంతే. రెండిళ్ళకీ మధ్య ఒక గోడ, గోడలో ఒక చిన్న ఇనప గేటు. ఉద్యోగమంతా ఆయన ఈ ఊరి ఉక్కు కార్ఖానా టైమాఫీసులో గుమస్తా. కార్ఖానా లోపలికి వెళ్ళేవాళ్ళనీ బయటికి వచ్చేవాళ్ళనీ లెక్క రాసుకోవడమే పని. మిషన్ల చప్పుడు విన్నాడు గాని ఒక్కదాన్నీ ముట్టుకున్నది లేదు. ఆ కోరిక ఎన్నాళ్ళు దాచుకున్నాడో, రిటైరయ్యాక బర్మామైన్స్‌లో ఒక తుక్కు దుకాణం నుంచి, ఇనుముని తిప్పుతూ కోసే పాత లేత్ మిషను కొని, పెరట్లో రేకుల షెడ్డు వేయించి, అందులో పెట్టాడు.

టెంపోలోంచి దాన్ని దింపుతున్నప్పుడు, ఎదురింట్లో ఉండే ముసలాయన అరుగు మీంచి నవ్వాడు. ఆయన కార్ఖానాలో లేత్ మీద నిజంగా టర్నర్‌గా పనిచేసినవాడు.

"ఏటి గుమస్తా బాబూ, దీనికి కూడా హాజరు ఏత్తావేటి?"

"ఏత్తాను. నీలాగ మద్దేన్నం గోడ దూకితే జీతం కోత్తాను" అన్నాడు బాబాయి.

మొదటి వస్తువు ఒక మూత పిడి. ఇనుము పాడుచేసి పాడుచేసి, చివరికి ఒకటి గుండ్రంగా వచ్చేసరికి పండగలు రెండు వెళ్ళిపోయాయి. పిన్ని దాన్ని పప్పు గిన్నె మూతకి బిగించి, "బజార్లో మూతతో సహా దొరుకుతాది గదండీ" అంది. "దొరుకుతాది. మరి నానెక్కడ దొరుకుతాను?" అన్నాడు.

నేను ఆ షెడ్డులో చేరింది ఆ రోజుల్లోనే. హార్డ్‌వేర్ దుకాణంలో లెక్కలు చూసుకునే నాకు బోల్టు ధర తెలుసు గాని బోల్టు ఎలా పుడుతుందో తెలియదు. ఆదివారాలు గేటు తోసుకుని వెళ్ళి చూస్తూ నిలబడేవాణ్ని. ఆయనా నేనూ గురువు లేకుండానే నేర్చుకున్నాం. తేడా ఒకటే, ఆయన ముందు పాడుచేసేవాడు, నేను తరువాత.

షెడ్డులోకి రాగానే చేతులు చాపమనేవాడు. ఉంగరం తీయించి, పొడుగు చేతుల చొక్కా అయితే విప్పించి, వేళ్ళు లెక్కపెట్టేవాడు. వెళ్ళేటప్పుడు మళ్ళీ లెక్క. "గేటుకాడ ఏలమందిని లెక్కెట్టినోణ్ని. నీ పది వేళ్ళకి హాజరు ఎయ్యలేనేటి?" అనేవాడు. చేతికి తొడుగు వేసుకుంటే ఊరుకునేవాడు కాదు. మిషను తొడుగుని పట్టుకుంటే లోపలున్న చేతిని వదలదు. కోతలో రాలే ఇనప తీగల్ని వేళ్ళతో లాగకూడదు, కొక్కెంతో లాగాలి. ఎంత కోయాలో కొలిచాక టీ తాగి రావాలి, వచ్చి ఇంకోసారి కొలవాలి. వానాకాలం మొదలవకముందే మిషనంతా నూనె గుడ్డతో తుడవాలి, ఈ ఊరి చెమ్మకి ఒక్క రాత్రిలో తుప్పు లేస్తుంది. ఇవన్నీ ఆయన ఒక్కొక్కటీ నష్టపోయి తెలుసుకున్నవే.

షెడ్డులో ఒక చెక్క కుర్చీ ఉండేది. పని చెడి కోపం వచ్చినవాడు అందులో కూర్చోవాలి. లోపల తిట్లు అయిపోయే దాకా లేవకూడదు. "ఈ పనిముట్లన్నింట్లోకీ మంచిది ఈ కుర్సీరా. దీని మీన ఎవుడి వేలూ తెగలేదు" అనేవాడు.

ఇంకొకటి చెబితే గాని మిగతా కథ తెలియదు. లేత్‌లో ఇనప ముక్కని పట్టుకుని తిరిగే భాగం చక్. దాని పళ్ళు బిగించడానికి పైన అడ్డకమ్మీ ఉన్న ఒక బరువైన తాళంచెవి ఉంటుంది. ఇక్కడ అందరం చాబీ అంటాం. బిగించాక దాన్ని చక్‌లోనే మరిచిపోయి మోటారు వేస్తే, అది ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకని బాబాయి షెడ్డులో చాబీ చక్‌లో ఉన్నంతసేపూ చెయ్యి దాని మీదే ఉండాలి. తుమ్ము వచ్చినా, పిన్ని పిలిచినా, ముందు చాబీ బయటికి రావాలి, చెయ్యి దాని వెంటే రావాలి. మరిచినవాడు ఆ పూటకి మిషను ముట్టకుండా కుర్చీలో కూర్చోవాలి. మోటారు వెయ్యకపోయినా శిక్ష శిక్షే. నేనొకసారి కూర్చున్నాను. నాకు టీ తెచ్చి ఇచ్చి, "ఖైదీకి టీ" అని నవ్వాడు.

తరువాత కొన్నేళ్ళకి, ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి మిషను ఆగి ఉంది. బాబాయి కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది బాబాయీ?"

"చాబీ చక్‌లోనే ఒగ్గేసినాను."

నేను నవ్వబోయి ఆగాను. ఆయన నవ్వడం లేదు. అప్పటికే ఆయనకి మాట మధ్యలో పేర్లు జారిపోతున్నాయి. టీ తాగిన కాసేపటికే టీ అడుగుతున్నాడు. ఆ తరువాత కుర్చీలో కనిపించడం ఎక్కువైంది. పిన్ని గోడ దగ్గర నాతో, "మీ బాబాయి ఈమద్దెన ఎప్పుడు సూసినా ఆ కుర్సీలోనే ఉంతన్నారు. నడుం నొప్పేటో, అడిగితే సెప్పరు" అంది. అది నడుం నొప్పి కాదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

రెండిళ్ళ మధ్య గేటు కిందికి దిగి, తెరిచినప్పుడల్లా సిమెంటుని గీసేది. గేటుని మోసే బందు లోపలి పిన్ను అరిగిపోయింది. కొత్త పిన్ను తానే చేస్తానన్నాడు బాబాయి. ఇనప ముక్క ఒక సగాన్ని కొలతకి తెచ్చి, తిరగేసి బిగించాడు. రెండో సగం మీద ఇక ఒక్క సన్నటి కోత మిగిలింది. నేను మా పెరట్లో కొళాయి దగ్గర ఉన్నాను. మోటారు మొదలైన చప్పుడు, వెంటనే చక్‌లో ఏదో తగిలిన చప్పుడు, ఆ తరువాత అవతల నీళ్ళు చిమ్మిన చప్పుడు వినిపించాయి.

పరిగెత్తుకెళ్ళాను. పిన్ని బట్టలు ఆరేస్తూ, కిందపడ్డ క్లిప్పు తీసుకోవడానికి వంగిందట. చాబీ షెడ్డు తలుపులోంచి ఆమె మీదుగా వచ్చి, దిమ్మ మీదున్న నీళ్ళ డ్రమ్ముని పొడిచేసింది.

"డ్రమ్మునెవుడు పొడిసీసినాడర్రా?" అంటోంది పిన్ని, ఏం జరిగిందో ఇంకా తెలియక.

బాబాయి మిషను ఆపి బయటికి వచ్చాడు. డ్రమ్ముకి పడ్డ కన్నం చూశాడు. పిన్నిని చూశాడు. ఆ కన్నం, నిటారుగా నిలబడ్డ ఆమె మొహం ఎత్తున ఉంది. ఆయన వెళ్ళి కన్నంలో వేలు పెట్టి నీళ్ళు ఆపాడు.

"తియ్యండి, గుడ్డ కుక్కుతాను" అంది పిన్ని.

"ఉండవే" అన్నాడు. పిన్ని గుడ్డ పట్టుకుని నిలబడే ఉంది. ఆయన వేలు తియ్యలేదు.

ఆ సాయంత్రం మోటారు బెల్టుని కత్తితో తానే కోసేశాడు. చాబీని నూనె గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"బెల్టు బజార్లో దొరుకుతాది. ఈ పాత చక్‌కి ఇంకో చాబీ దొరకదు. నీకాడ ఉంచు. నానడిగితే ఇవ్వకు."

"సరే బాబాయీ."

"సరే అనీకు, ఇను. తిడతాను. కాళ్ళు పట్టుకుంటానేమో కూడా. అడిగినోడు నాను కాదనుకో. ఈ మాట సెప్తన్నోడే నాను."

ఆయన చెప్పినట్టే జరిగింది. కొన్నాళ్ళకి ఆ సాయంత్రం మొత్తం ఆయనకి చెరిగిపోయింది. పొద్దున్నే గేటు గీసుకుంటూ వచ్చి, "బావూ, నా చాబీ కనపడ్డం నేదు, నువ్వుగాని సూసినావేటి?" అని అడిగేవాడు. నేను చూడలేదనేవాణ్ని. దొరికితే చెప్పమని వెళ్ళేవాడు. మర్నాడు మళ్ళీ వచ్చేవాడు. ఒకరోజు వీధి మధ్యలో నా చొక్కా పట్టుకున్నాడు.

"ఈడే! ఈడే దొంగ! పని నేర్పినోడి పనిముట్టే ఎత్తుకుపోనాడు దొంగ నా కొడుకు!"

ఎదురింటి ముసలాయన లేచి వచ్చి చేతులు విడిపించాడు. వీధిలో కొందరు నన్ను అదోలా చూశారు. చొక్కా సర్దుకుని లోపలికి వెళ్ళిపోయాను. నిజం చెప్పాలంటే ఆయన ముందే ఆయన మతిమరుపు సంగతి చెప్పాలి. చాబీ అప్పుడు నా ప్యాంటు జేబులోనే ఉంది. ఇంట్లో పెడితే ఎక్కడ వెతుక్కుంటాడోనని రోజూ వెంట తీసుకెళ్ళేవాణ్ని. బరువుకి జేబులు చిరిగేవి, కుట్టించుకునేవాణ్ని.

తరువాత అడగడం మానేశాడు. అడిగినన్నాళ్ళూ ఎప్పుడు మానేస్తాడా అనుకున్నాను. మానేశాక గేటు చప్పుడు కోసం చూసేవాణ్ని. మధ్యాహ్నాలు షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. కుర్చీలో కూర్చుంటున్నాడనుకున్నాను.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు ఆయనకి నేనెవరో తెలియలేదు. పిన్ని నా పేరు రెండుసార్లు చెప్పింది. ఆయన నా చెయ్యి పట్టుకుని ఒక్కొక్క వేలూ నొక్కి చూశాడు. తరువాత రెండో చెయ్యి కోసం వెతికాడు. ఇచ్చాను. అదీ చూసి, సరిపోయినట్టు తల ఊపి, కళ్ళు మూసుకున్నాడు.

పెద్దకర్మ అయ్యాక తుక్కు కొనేవాడు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. "చాచీ, మెషీన్ బేచేంగే క్యా?" అని, మిషను అమ్ముతారేమో అడిగాడు. పిన్ని అతన్ని తరువాత రమ్మని, నన్ను పిలిచి షెడ్డు తాళం తీయించింది. ఆయన పోయాక అందులోకి ఎవరూ వెళ్ళలేదు. లేత్ అంతా తుప్పు. పట్టాలు, పిడులు, ఉలి, గోడకి వేలాడే కొక్కెం, అన్నీ ఎర్రగా ఉన్నాయి. చక్‌లో బిగించి ఉన్న పిన్ను ఒక్కటే నూనె పూతతో మెరుస్తోంది. కింద, అరిగిపోయిన గరుకు కాగితం ముక్కలు కుప్పగా ఉన్నాయి. పక్కన ఎండిపోయిన నూనె గుడ్డ ఉంది.

"చేత్తో తిప్పుకుంటా రుద్దీవోరు" అంది పిన్ని. "ఏటి సేత్తన్నారండీ అంటే, గేటుకి పిన్ను, ఇంకొక్క కోతుంది అనీవోరు. రోజూ అదే మాట."

జేబులోంచి చాబీ తీసి చక్ వదులు చేశాను. అలవాటు కొద్దీ ముందు చాబీ బయటికి లాగి, ఆ తరువాతే పిన్ను అందుకున్నాను. పళ్ళ లోపలున్న సగం తుప్పు పట్టినా కొలతకి సరిగ్గా ఉంది. బయటి సగాన్ని కొలిచాను. టీ తాగి వచ్చి మళ్ళీ కొలిచాను. కావలసిన దానికన్నా సన్నం. మోటారు లేకుండా, చాబీ లేకుండా, ఉత్త చేతులతో ఆ ఆఖరి కోత పూర్తి చేశాడు. పూర్తయిన సంగతి మాత్రం ఆయనకి తెలియలేదు. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ మర్నాడూ మొదలుపెట్టాడు.

లేత్ ఇంకా షెడ్డులోనే ఉంది. తుక్కువాడు మళ్ళీ వస్తే ఏం చెప్పాలో పిన్ని ఇంకా అనుకోలేదు. పిన్నుని మాత్రం నేను గేటుకి వేశాను. కింది సగం గట్టిగా పట్టుకుంది. పై సగం కన్నంలో వదులుగా ఆడుతోంది. ఇప్పుడు గేటు సిమెంటుని గీయడం లేదు. పిన్ని పొద్దున కూర గిన్నె పట్టుకుని ఇటు వచ్చినప్పుడు టక్‌మంటుంది, ఖాళీ గిన్నెతో అటు వెళ్ళినప్పుడు ఇంకోసారి టక్‌మంటుంది.