మొదటి పిలుపుకి పలకని ఊరు

ఇలా దగ్గరకొచ్చి కూర్చోండమ్మా. నా ఈడువాళ్ళయితే మోకాళ్ళు చాపుకునే కూర్చోండి, మనలో మనకి మొహమాటమేంటి. లోపలి గదిలో ఒక మనిషి నిద్రపోతున్నాడు గనుక కాస్త మెల్లగా మాట్లాడుకుందాం. ఆ మనిషి ఇక్కడికెలా వచ్చాడో చెప్పాలంటే ఈ పొద్దుటి సంగతితో మొదలుపెట్టి, నేను పరికిణీ కట్టుకునే రోజుల్లోకి, కొల్లేటి నడిమధ్యకి వెళ్ళి రావాలి.

నేనిప్పుడు ఏలూరులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా లంక ఇప్పుడు లంకలో లేదు. కొంత ఏలూరులో, కొంత తాడేపల్లిగూడెంలో, మరికొంత ముదినేపల్లిలో ఉంది గానీ, మొత్తం ఊరంతా కలిసి మా మనవరాలు పెట్టిచ్చిన ఫోన్ గ్రూపులో ఉంది. నాది వానాకాలం చదువు, అక్షరం అక్షరం కూడబలుక్కుంటాను గనుక వాళ్ళు ఒక గొడవ ముగించి రెండో గొడవలో పడేసరికి నేనింకా మొదటి దాంట్లోనే ఉంటాను. ఈ పొద్దున ఒకాయన, కొత్తగా కొన్న ఫోను పెనంలా కాలిపోతోందని రాస్తే, ఫోను మంచిదే, నీ చెయ్యే వేడి చేసిందని వరసకి బావమరిది ఒకడు తగులుకున్నాడు. అక్కణ్ణించి కొల్లేట్లో చేపల చెరువులు తవ్వించినవాళ్ళు మంచివాళ్ళా, వాటి గట్లు కొట్టించినవాళ్ళు మంచివాళ్ళా అని పార్టీల మీదికి వెళ్ళారు. ఈలోగా ఒకావిడ, చేపల పులుసులో బెల్లం వేసేవాళ్ళని ఊళ్ళోంచి వెలెయ్యాలంది. నవ్వుకుంటూ చదువుతున్నాను. ఆ సందడి మధ్యలో ఎక్కడో ఒక చిన్న మాట కనపడింది, "ఎవరైనా ఉన్నారా?" అని. దానికి ఎవరూ పలకలేదు. అందరూ మళ్ళీ బెల్లం మీదకే వెళ్ళిపోయారు.

ఆ మాట పెట్టింది మా తమ్ముడు. నా తోడబుట్టినవాడు కాదు, మా చిన్నాన్న కొడుకు. భార్య పోయాక, ఎవరిదో చేపల చెరువుకి కాపలా ఉంటూ గట్టు మీద గుడిసెలో ఒక్కడే బతుకుతున్నాడు. వాడి మాట దగ్గరే నేనెందుకు ఆగిపోయానో మీకు చెప్పాలి.

మా చిన్నప్పుడు వానలు పట్టాయంటే దిబ్బకీ దిబ్బకీ మధ్య నీళ్ళు నిండిపోయేవి. పక్కింటికి నిప్పు తెచ్చుకోవాలన్నా తాటిదోనె ఎక్కాల్సిందే గనుక, పొద్దుగూకే వేళ మాటలన్నీ కేకలుగానే నడిచేవి. ఆ దిబ్బ మీద ఒకరు కొరమీను ధర గురించి అరిస్తే ఈ దిబ్బ మీద ఇంకొకరు సర్కారుని తిట్టేవారు, మూడో దిబ్బ మీది ముసలాయన ఇద్దరినీ తిట్టేవాడు. ఇప్పటి గ్రూపు అప్పుడూ ఉండేదన్నమాట, నీళ్ళ మీద ఉండేది. అయితే దానికొక కట్టుబాటు ఉండేది. చీకటి పడుతుండగా నీళ్ళ మీదనుంచి ఎవరైనా పేరో వరసో పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకి పలకకూడదు. నీళ్ళలో పోయినవాళ్ళు ఒక్కసారే పిలవగలరట, బతికున్నవాళ్ళయితే మళ్ళీ పిలుస్తారట.

ఈ కట్టుబాటుని ఎగతాళి చేసిన మనిషి మా చిన్నాన్న ఒక్కడే. "దెయ్యానికి ఒకటి తరవాత రెండు రాదేంటే అమ్మా, బళ్ళో ఎయ్యలేదా?" అని మా నాయనమ్మని ఉడికించేవాడు. దేని మీదైనా ఒక అభిప్రాయం లేకుండా గడ్డపార మింగినవాడిలా కూర్చోవడం ఆయనకి చేతకాదు. మా లంకకి మొదటి రేడియో తెచ్చింది ఆయనే. అది వచ్చిన రోజున ఊరు ఊరంతా దోనెలు కట్టుకుని మా రేవుకి వచ్చి, అందులో మాట్లాడేవాళ్ళు అసలు ఉన్నారా లేరా అని రేడియో పాటకంటే గట్టిగా వాదించుకున్నారు. మా నాయనమ్మ మాత్రం దాని ఎదురుగా ఎప్పుడూ కూర్చోలేదు. మనిషి కనపడకుండా వచ్చే మాటకి చెవి ఇవ్వకూడదని ఆవిడ నమ్మకం.

ఒక శ్రావణంలో రేడియో మూగబోతే, బ్యాటరీల కోసం చిన్నాన్న ఏలూరు వెళ్ళాడు. ఆ సాయంత్రం పడమటిగాలి లేచింది. మా నాన్న అవతలి దిబ్బ మీద చిక్కుకుపోయాడు. ఇంట్లో అమ్మ పొయ్యి దగ్గర ఉంది, పిన్ని పసివాణ్ణి పడుకోబెడుతోంది, నాయనమ్మ గుమ్మంలో కూర్చుంది, నేను ఆవిడ వీపుకి ఆనుకుని ఉన్నాను. అప్పుడు వానలోంచి ఒక్క కేక వచ్చింది, "వదినా!" అని. అమ్మ దీపం పట్టుకుని లేచింది.

నాయనమ్మ ఆవిడ చెంగు పట్టుకుంది. "కూకోవే! మనోడైతే మళ్ళీ పిలుత్తాడు. అప్పుడు లేద్దువుగాని."

కూర్చున్నాం. మళ్ళీ పిలుపు రాలేదు. పొయ్యి మీద పులుసు మాడిన వాసన వచ్చేదాకా మాలో ఎవరూ కదల్లేదు.

తెల్లారాక గుర్రపుడెక్కలో బోర్లాపడిన దోనె కనపడింది, కాస్త దూరంలో ఆయన దొరికాడు. బ్యాటరీలు తడవకుండా తలగుడ్డలో చుట్టి మెడకి కట్టుకున్నాడు. ఇక పెద్దకర్మ దాకా మా ఇంటికి వచ్చినవాళ్ళందరివీ అభిప్రాయాలే. అంత గాలికి ఎదురుగా గొంతు రాదు, అది ఆయన పిలుపు కాదని కొందరు, ఆయనదేనని కొందరు. అమ్మ, నా మరిది గొంతు నాకు తెలియదా అంది. పిన్ని, నా మొగుడి గొంతు నాకు తెలియదా, అది కాదు అంది. తోడికోడళ్ళిద్దరూ ఒకే కంచంలో తింటూ కూడా ఆ ఒక్క విషయంలో చచ్చేదాకా కలవలేదు. ఎందుకు వాదించుకునేవారో నాకు పెళ్ళయ్యాక గానీ అర్థం కాలేదు. ఒకావిడకి అది ఆయన ఆఖరి మాట, దాన్ని వదులుకోలేదు. ఇంకొకావిడకి, అది ఆయన పిలుపే అయితే, తాను వినీ కూర్చుండిపోయినట్టు.

నాయనమ్మ ఏ అభిప్రాయమూ చెప్పలేదు. రేడియోని అటకెక్కించింది. మర్నాటి నుంచీ పొద్దు వాలగానే రేవులో కూర్చుని, వినపడిన ప్రతి చప్పుడుకీ, నీటికోడి అరిచినా, దోనె రాయికి తగిలినా, "ఉన్నాన్రా! ఉన్నాను!" అని పలికేది. మొదట్లో పిల్లలం భయపడ్డాం, తరవాత మేమూ ఆవిడతో పాటు పలికేవాళ్ళం. కొన్నాళ్ళకి ఎవరూ చాటింపు వెయ్యకుండానే మా లంకలో ఆ పాత కట్టుబాటు చెరిగిపోయింది. నీళ్ళు మింగుతున్న మనిషి కూడా ఒక్కసారే పిలవగలడని మాకు అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి పిన్ని పడుకోబెట్టిన పసివాడే ఈ తమ్ముడు.

అందుకే పొద్దున మా మనవరాల్ని వాడికి ఫోను కలపమన్నాను. "ఊరికే పెట్టుంటారు అమ్మమ్మా. అంత అవసరమైతే మళ్ళీ పెడతారులే" అంది. ఆ పిల్లకేం తెలుసు, ఆ 'మళ్ళీ' అన్న మాట నన్ను ఎక్కడ పట్టుకుందో. కసురుకుంటే బిత్తరపోయి కలిపింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ కలిపింది. చాలాసేపటికి ఎత్తాడు.

"ఏం లేదక్కా. కరెంటు లేదు, గట్టుకి అటూ ఇటూ నీళ్ళే. వొళ్ళు కాలిపోతంది. ఎవరికైనా ఇనపడతన్నానో లేదో అని."

వాడి మాట వెనక గాలి హోరు వినపడింది. ఆ హోరులో దూరంగా ఎవరో మగమనిషి ఒక్కసారి, "వదినా!" అన్నాడు. నాకు తెలియకుండానే "ఉన్నాన్రా!" అని పలికాను. ఫోను తెగిపోయింది.

మా అల్లుడు వానలోనే బండేసుకుని వెళ్ళి వాణ్ణి తీసుకొచ్చాడు. డాక్టరు చూసి మందిచ్చాడు. గంజి తాగాక అడిగాను, ఇందాక నీ వెనక పిలిచింది ఎవర్రా అని. వాడు నా మొహం వంక చూసి, "గట్టు మీద నేను తప్ప నరమానవుడు లేడక్కా" అన్నాడు. దుప్పటి కప్పి పడుకోబెట్టాను. వాడు నిద్రపోతే అచ్చం వాళ్ళ నాన్నలాగే కుడిచెయ్యి నుదుటి మీద వేసుకుంటాడు.

గ్రూపులో ఇప్పుడు వాణ్ణి అంత వానలో గట్టు మీద ఉంచినవాళ్ళది తప్పా, ఉన్నవాడిది తప్పా అని నడుస్తోంది. నడవనివ్వండి, మనుషులన్నాక నోరుండాలి, మా దిబ్బల మీదా నడిచేది. కాకపోతే అప్పుడు అరిచినవాడు ఏ దిబ్బ మీద ఉన్నాడో, వాడి పొయ్యి రాజిందో లేదో కళ్ళకి కనపడేది. ఇప్పుడు మాటలు గుమ్మంలోకే వస్తున్నాయి గానీ, వాటి వెనక మనిషి నిలబడ్డాడా మునుగుతున్నాడా తెలియడం లేదు. మా నాయనమ్మ ఉంటే ఈ ఫోను ముందు కూర్చుని అన్నిటికీ పలుకుతూ ఉండేది.

చీకటి పడుతోంది, దీపం పెట్టే వేళయింది, మీరూ బయల్దేరండి. మీ ఇంటి రేవున దోనె బోర్లాపడకూడదు. మీ గడపలో ఎవరు ఏ వేళ పిలిచినా, లోపలినుంచి ఒక గొంతు ఆ ఒక్క పిలుపుకే పలకాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండమ్మా.