దారి దారే కదా బావా

చాలా ఏళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు. "దారి దారే కదా బావా" అన్నాను, అంతే. వినడానికి అందులో విషమేమీ ఉండదు. కానీ ఆ మాట అన్న తర్వాత మా అక్క ఇంట్లో భోజనానికి కూర్చున్న ప్రతిసారీ నాకు ముద్ద దిగదు. ఇంకాస్త పప్పు వెయ్యమని బావ పురమాయిస్తూ ఉంటాడు, నేను తల వంచుకుని తింటూ ఉంటాను. మా ఆవిడకి కూడా ఇంతవరకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను విజయవాడలో ఒక పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ చెప్పే మాస్టర్ని. బావ అంటే మా అక్క భర్త. ఉయ్యూరు దగ్గర చెరకు పండించే ఇంట్లో పుట్టాడు. చెరకు మీద ఆయన మనసెప్పుడూ లేదు. చిన్నప్పటి నుంచీ బొమ్మ కార్ల పిచ్చి. పెళ్ళిచూపులకు వచ్చిన రోజు కూడా జేబులో ఒక కారు పెట్టుకొచ్చాడని అక్క ఇప్పటికీ ఏడిపిస్తుంది. నడివయసులో, ఆఫీసు ఉద్యోగం మానేసి, గుణదలలో ఒక మేడ మీద హాలు అద్దెకు తీసుకున్నాడు. స్లాట్ కార్ల పందేలు పెడతానన్నాడు. అరచేతిలో పట్టే కార్లు అవి. చెక్క బల్ల మీద సన్నటి గాడి కోసి ఉంటుంది. కారు అడుగున ఉన్న మేకు ఆ గాడిలో దిగుతుంది, గాడికి రెండు వైపులా అతికించిన రాగి పట్టీల నుంచి కరెంటు అందుతుంది. మన చేతిలో ఉండేది వేగం ఒక్కటే. మలుపులో వేగం ఎక్కువైతే మేకు గాడిలోంచి లేచిపోతుంది, కారు ఎగిరి అవతల పడుతుంది.

ఊళ్ళో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ట్రాక్ నేను గీస్తానన్నాను.

అందుకో సాఫ్ట్‌వేర్ ఉంది. హాలు కొలతలిస్తే తెర మీద నేల పరుచుకుంటుంది. తిన్నటి ముక్కలు, వంపు ముక్కలు ఏరుకుని పేర్చుకుంటూ పోవాలి. దారి తిరిగి మొదటికి వచ్చి కలిసిందా లేదా, లోపలి గాడికీ బయటి గాడికీ పొడవులో తేడా ఎంత, అన్నీ చెబుతుంది. గీసిన దారి మీద ఒక చుక్కను కారులాగా పరిగెత్తించి చూపిస్తుంది. కారు నిలబడే చోట దారి పచ్చగా ఉంటుంది, ఎగిరిపోయే చోట ఎర్రబడుతుంది. కానీ ఎలాంటి దారి కావాలో అది చెప్పదు. అది మనకే తెలియాలి.

హాలు నడిమధ్యలో ఒక స్తంభం ఉంది. "మన ఊళ్ళో కొండ లేకుండా ట్రాకేంట్రా" అని బావ పట్టుబట్టాడు. స్తంభాన్నీ కొండనూ కలిపి ఇమడ్చడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. కాలేజీ అయ్యాక, ఆదివారాల్లో, పరీక్ష పేపర్లు దిద్దుకోవాల్సిన రోజుల్లో కూడా కూర్చున్నాను. చివరికి ఒక దారి దొరికింది. స్తంభం చుట్టూ ఇరుకు మలుపు. మలుపు దాటగానే నిటారుగా కొండ. మలుపులో నెమ్మదించిన కారు, చెరకు బండి కాలవ గట్టు ఎక్కినట్టు నింపాదిగా ఎక్కుతుంది. ఎక్కాక అవతల ఏటవాలుగా దిగి, పొడుగాటి తిన్నటి దారిలో పడి ఇక ఆగదు. తెర మీద ఆ చుక్క మొదటిసారి చుట్టంతా పచ్చగా తిరిగొచ్చినప్పుడు నేను ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. అంత సంతోషం మళ్ళీ పడలేదు.

ఆటోనగర్‌లో ఒక షెడ్డులో నా ఫైలు చూసి మిషను బల్లలు కోసింది. హాల్లో బిగించాం. ఇక కరెంటు కలపడమే తరువాయి. అప్పుడు ఒక యూట్యూబ్ చానెలతను వచ్చాడు. ఇంత అందమైన ట్రాక్ ఎవరు డిజైన్ చేశారండీ అని బావనడిగాడు. నేను పక్కనే ఉన్నాను. కొత్త చొక్కా కూడా వేసుకున్నాను, దాచడమెందుకు.

"అంతా సాఫ్ట్‌వేరేనండీ" అన్నాడు బావ. "మనం ముక్కలు పడేస్తే అదే కలిపేసుకుంటది. మా బామ్మర్ది బటన్లు నొక్కాడంతే."

కూర బాగుంది, ఎవరు వండారంటే గరిటె పేరు చెప్పినట్టుంది నాకు. బావ మనసులో ఏ కల్మషమూ లేదు, ఆ సంగతి అప్పుడూ తెలుసు. సాఫ్ట్‌వేర్ అంటే జనం ఎగబడి వస్తారని ఆయన ఆశ. కానీ ఆ మాటే నేను కాలేజీలో రోజూ వింటున్నాను. డ్రాయింగ్ బల్లలన్నీ తీసేసి కంప్యూటర్లు పెట్టారు. ఇంకా మీ క్లాసెందుకు సార్, సాఫ్ట్‌వేర్ ఉందిగా అని పిల్లలు మొహం మీదే అంటున్నారు. పరాయివాళ్ళంటే పడ్డాను. నావాడు, నా సెలవులన్నీ తిన్నవాడు, పదిమంది ముందు నన్ను బటన్లు నొక్కేవాణ్ణి చేశాడు. ఒళ్ళు మండిపోయింది. నమ్మినవాడే నట్టేట ముంచాడనుకున్నాను. ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది. అది కూడా ఒప్పుకోవాలి కదా.

అప్పుడే నోరు తెరిచి, "బావా, అది నేను గీసింది" అని ఉంటే? బావ వెంటనే నాలిక కరుచుకుని, చానెలతన్ని వెనక్కి పిలిచి మరీ నా పేరు చెప్పి ఉండేవాడు. నేను అనలేదు. అడిగి చెప్పించుకునే పొగడ్త నాకెందుకు అనుకున్నాను.

ప్రారంభానికి ముందు బావ వాళ్ళ నాన్నగారు ఉయ్యూరు నుంచి వచ్చారు. నేను మావయ్య గారంటాను. బల్లంతా చూసి మురిసిపోయారు. కార్లు ఎటు వెళ్ళాలో చూపిస్తూ నేను గీయించిన బాణం గుర్తు కనబడేసరికి మొహం మారిపోయింది. "శుభమా అని మొదలెడతా అప్రదక్షిణంగా తిప్పుతారంట్రా? గుళ్ళో అట్టాగే తిరుగుతావా?" అన్నారు. ఆ స్తంభానికి పసుపు రాసి బొట్లు పెట్టించింది ఆయనే. దాన్ని ఎడమ పక్కన పెట్టుకుని తిరగడం ఆయనకు నచ్చలేదు. బావ తండ్రి మాట కాదనే మనిషి కాదు. దానికి పెద్ద పని కూడా లేదు. బల్ల కింద రెండు తీగలు అటూ ఇటూ మార్చి, కార్లను తిప్పి పెడితే ఎదురు దిక్కున పరిగెడతాయి.

బావ నన్ను పక్కకు పిలిచాడు.

"ఏరా, ఎనక్కి తిప్పితే ఏవన్నా తేడా వస్తదా? ఓసారి నీ సాఫ్ట్‌వేర్‌లో చూసి చెప్పు. నువ్వు సరేనంటేనే తీగలు మారుస్తా."

మర్నాడు కాలేజీలో, మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో చూశాను. బాణం తిప్పి చుక్కను వదిలాను. పొడుగు దారిలో ఊపందుకుంది. ఏటవాలు ఎక్కింది. కొండ మీద నుంచి నిటారుగా దిగి, దిగిన ఊపుతోనే ఇరుకు మలుపులో పడింది. స్తంభం దగ్గర దారి ఎర్రబడింది. మళ్ళీ వదిలాను, మళ్ళీ ఎరుపు. వేగం తగ్గించి వదిలినా ఎరుపే. సేవ్ చేయనా అని అడిగింది. వద్దని నొక్కాను.

సాయంత్రం హాలుకు వెళ్ళాను. బావ స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని బల్ల కింద కూర్చుని ఉన్నాడు. తల బయటపెట్టి నా వైపు చూశాడు. "ఏవంటది?" అన్నాడు. నేనేమంటానని కాదు, అదేమంటుందని. ఆ ఒక్క మాటా అలా అనకపోయి ఉంటే నేను నిజం చెప్పేవాణ్ణా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. చెప్పేవాణ్ణనుకుంటే కాస్త ఊరటగా ఉంటుంది, అందుకే ఆ జవాబును నేను నమ్మను.

"ఏం తేడా లేదు. దారి దారే కదా బావా" అన్నాను.

"హమ్మయ్య" అని మళ్ళీ బల్ల కిందికి దూరాడు.

నేను కోరుకున్నదేమిటి? ప్రారంభం రోజున నాలుగు కార్లు ఎగిరిపడాలి, బావ బిత్తరపోవాలి, నా దగ్గరికి పరిగెత్తుకు రావాలి, అప్పుడు నేను తీరిగ్గా వచ్చి తీగలు మార్పించాలి. ఇది సాఫ్ట్‌వేర్ పని కాదు, మనిషి పని అని పదిమందీ చూడాలి. అంతే, నా మీద ఒట్టు. అంతకు మించి చెడు కోరలేదు. కోరింది చిన్నదే కదా అని సర్దిచెప్పుకోవడం ఎంత తేలికో చూడండి.

ప్రారంభం రోజున కొబ్బరికాయ కొట్టారు. కొత్త బండికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం కదా, అరచేతి కారు నిమ్మకాయను తొక్కలేదు. మావయ్య గారు చాలాసేపు ఆలోచించి ద్రాక్షపళ్ళు పెట్టించారు. బావ తన చేత్తో రంగు వేసుకున్న ఎర్ర కారును గాడిలో పెట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని, వేగం మీట నొక్కాడు. కారు కొండ దిగి స్తంభానికి తగిలి రెండు ముక్కలైంది. ద్రాక్షరసానికి జారిందిలే అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను. తర్వాత తడి తుడిచి వదిలినవీ ఎగిరాయి, చుట్టాలు నడిపినవీ ఎగిరాయి. మావయ్య గారు చెప్పులేసుకుని మెట్లు దిగిపోయారు.

బావ నేననుకున్నట్టే నా దగ్గరికి వచ్చాడు. కానీ నేననుకున్న మాట అనలేదు. "మలుపు మరీ ఇరుగ్గా గీసిందిరా సాఫ్ట్‌వేరు. నీదేం తప్పులే, నువ్వేం చేస్తావు" అన్నాడు. అని, నా భుజం తట్టాడు.

తీగలు మారుద్దామని నాలిక చివరి దాకా వచ్చింది. కానీ మార్చగానే కార్లు చక్కగా తిరుగుతాయి. అప్పుడు, చూసి చెప్పమంటే ఏం చూశావురా అని అడుగుతాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను కాలేజీ పని ఉందని చెప్పి బయటపడ్డాను. వెళ్తూ వెళ్తూ, "అవును బావా, సాఫ్ట్‌వేర్ లెక్క తప్పినట్టుంది" అన్నాను.

ఇక ఆ తర్వాత ప్రతి రోజూ ఒక కొత్త అబద్ధమే. బావ టైర్లు మార్చాడు. మోటార్లు మార్చాడు. స్తంభం చుట్టూ వల కట్టాడు. కరెంటు తగ్గించాడు, అప్పుడు కార్లు నత్తల్లా నడిచాయి, వచ్చిన కుర్రాళ్ళు ఆవలించి వెళ్ళిపోయారు. హైదరాబాదు నుంచి పందేలాడే బృందమొకటి వచ్చింది, మళ్ళీ రాలేదు. బల్ల కింద రెండు తీగలు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. తేడా లేదని నేను చెప్పాను కదా, బావకు ఇక దాన్ని అనుమానించాల్సిన పనేముంది? హాలు మూసేసిన రోజు బల్లలు మోయడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. బావ మళ్ళీ ఒకరి కింద ఉద్యోగంలో చేరాడు. బొమ్మ కార్లు అటక మీదికి వెళ్ళాయి. జేబులో కారు సంగతి చెప్పి అక్క ఏడిపించినప్పుడు ఇదివరకు పకపకా నవ్వేవాడు. ఇప్పుడు లేచి చెయ్యి కడుక్కుంటాడు.

ఆ బల్లలు ఉయ్యూరులో వాళ్ళ ఎరువుల కొట్టంలో అడ్డుగోడగా నిలబెట్టి ఉన్నాయి. ఈమధ్య ఏదో శుభకార్యానికి వెళ్తే చూశాను. ఎవరో చుట్టం ఆ గాడిలో వేలు పెట్టి, ఇదేంటండీ అని అడిగాడు. బావ కథంతా చెప్పాడు. ఆఖర్న, "మా బామ్మర్ది పాపం నెలల తరబడి కూర్చున్నాడండీ. వాడి తప్పేం లేదు. సాఫ్ట్‌వేర్‌ని నమ్మి మునిగాం" అన్నాడు. నేను కూర్చున్న సంగతి ఆయన నోటి వెంట నలుగురిలో రావడం అదే మొదలు. ఎన్నాళ్ళు కాచుకున్నానో ఆ మాట కోసం. వచ్చేసరికి నిలబడి వినలేక కొట్టం వెనక్కి వెళ్ళిపోయాను.

ఆయన నన్ను దెబ్బ తీశాడని ఇన్నేళ్ళు కుమిలాను. తీశాడు, తనకు తెలియకుండా. నేను తెలిసి తీశాను. ఏ మాట నన్ను మనిషిగా లెక్కకట్టలేదని మండిపడ్డానో, ఆ మాట చాటునే ఇన్నాళ్ళూ దాక్కున్నాను. బావకు చెబుతానా? తెలియదు. మావయ్య గారు ఇప్పుడు లేరు, కొడుకు హాలుకు శకునం బాగాలేదనుకుంటూనే పోయారు. ఆయనకైతే ఇక చెప్పలేను.

మీకు మాత్రం చెబుతున్నాను. సాఫ్ట్‌వేర్ ఏ తప్పూ చేయలేదు. అది నాకు ఎర్రగా చూపించింది. నేను చూశాను.